దాలిలో నిప్పు

మూడు రోజులుగా విరూపన్నకి అన్నం సయించడం లేదు. "దాలి" అనే మాట ఎక్కడ పుట్టిందో అంతుపట్టడం లేదు మరి. అతను చదివిన తాటాకులతో పందిరి వేస్తే కాశీ దాకా నీడలోనే నడిచిపోవచ్చు. అంతటివాడూ ఈ రెండక్షరాల ముందు బోర్లా పడ్డాడు.

"దహించేది కనక దాలి అంటాడొక పండితుడు. నిప్పుని దాచేది కనక దాలి అంటాడు ఇంకొకాయన. ఏది నిజం, గురువుగారూ?"

గురువు మల్లిదేవయ్యగారు ఆశ్రమం వెనకనున్న దాలి చూపించారు. చిన్న గొయ్యి, అందులో రాజుకున్న పిడకలు, పైన బూడిద, బూడిదలో కూర్చున్న పాలకుండ.

"పాలు చూస్తూ ఉండు," అని స్నానానికి వెళ్ళారు.

అతను పాలు చూస్తేగా! లోపల నిప్పు మండుతోందా, దాక్కుందా? కుండ పక్కకి జరిపి, పుల్లతో బూడిదంతా కెలికేశాడు. గాలి తగిలి పిడకలు భగ్గుమన్నాయి. చూస్తూండగానే మండి, చల్లారి ఊరుకున్నాయి.

ఆశ్రమం మొత్తానికి ఉన్న నిప్పు అదొక్కటే. వంట చేసే చెంచమ్మ కూతురు జ్వరంతో పడి ఉంది. ఆ కూతురి పసిబిడ్డకి ఆ పాలే ఆధారం. ఆకలేసి బిడ్డ ఏడుపందుకుంది. కొండవతల పులులు ఉలిక్కిపడి లేచేంత ఏడుపు!

గురువుగారొచ్చి గోతిలోకి చూశారు. కుండపెంకు ఒకటి ఏరుకుని, కర్ర పొడుచుకుంటూ దిగువ పల్లెకి బయల్దేరారు. ఆయనకి ఎనభై దాటాయి. ఆ మోకాళ్ళు చేసే చప్పుడుకి చెట్ల మీద పిట్టలు లేచిపోతాయి. విరూపన్న సిగ్గుపడి వెంట పరుగెత్తి పెంకు అందుకున్నాడు.

మొదటి గుడిసెలో పోలమ్మ ఫక్కుమంది.

"ఏం నాయనా, లోకంలో ఉన్న మాటలన్నిటికీ అర్థం చెప్తావటగా! నిప్పుకి మా గుమ్మంలోకి రావాల్సొచ్చిందా?"

"బిడ్డకి పాలు కాచాలమ్మా," అన్నాడు తలొంచుకుని.

ఆమె నవ్వు ఆపేసింది. కణకణలాడే పిడక ముక్క పెంకులో వేసి, పైన బూడిద కప్పి ఇచ్చింది.

తిరుగుదారిలో గాలి లేచింది. ఎనుబోతుల్ని ఎగరేసుకుపోయే గాలి. సగం కొండ ఎక్కేసరికి విరూపన్న గుండె జారింది. ఆరిపోయిందేమో! కాస్త బూడిద తొలగించి చూస్తే? వేలు బూడిద దాకా వెళ్ళింది. ఆగింది. పెంకుని అరచేతిలో ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"ఉందా?" వెనకనించి గురువుగారు అడిగారు.

"ఉందండీ."

"చూశావా?"

"లేదు గురువుగారూ. చెయ్యి కాలుతోంది."

"అయితే నడు. బిడ్డ ఏడుస్తోంది."