పోలన్న గుడి: రేవులో పిలిచే పేరు

యానాం దిగువన గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, సూరమ్మలంక రేవులో ఉన్న చిన్న గుడే పోలన్న గుడి. గర్భాలయంలో కొయ్య డాల్ఫిన్‌ను చూసి కొందరు భక్తులు దారి తప్పామా అనుకుంటారు. తప్పలేదు. దయచేసి దాని ముక్కు పట్టుకోకండి, ఇప్పటికే రెండుసార్లు అతికించాం.

పూర్వం ఇక్కడ, ఫ్రెంచివారి ఏలుబడిలో, ఓలేటి సూరాలమ్మ అనే మత్స్యకార వితంతువు ఉండేది. ముప్పై మంది లాగితే గాని ఒడ్డుకు రాని పెద్ద వల ఊరు మొత్తానికి ఆమెదొక్కటే. ఒక్కగానొక్క కొడుకు పోలన్న ఏడేళ్లకే ఏట్లో మునిగిపోయాడు. ఆమె వలను ఇంట్లో పెట్టి తలుపు వేసేసింది. ఊళ్లో పొయ్యిలు వెలగడం మానేశాయి. పెద్దలు కాళ్లావేళ్లా పడ్డారు. వల ఇచ్చేస్తే ఊరు తన కొడుకును మరిచిపోతుందని ఆమె భయం. పాపం, ఆ భయంలో తప్పేముంది? అమ్మవారు కలలో కనిపించి దారి చెబుతుందని ఎదురుచూసింది. ఏ కలా రాలేదు.

వచ్చినవాడు రేవు అధికారి, ఒక ముసలి ఫ్రెంచి దొర. ఆమె గోడు విని తన దేశపు సంగతి ఒకటి చెప్పాడు. అక్కడ ఒక సీమను ఏలిన ప్రభువుల బిరుదు దోఫాన్, అంటే వారి భాషలో డాల్ఫిన్; వారి జెండా మీద గుర్తూ అదే. వారిలో చివరి ప్రభువుకు ఉన్న ఒక్క కొడుకూ పసితనంలోనే పోయాడు. వారసుడు లేక ఆయన తన సీమను ఫ్రాన్సు రాజవంశానికి అప్పగిస్తూ, ఇకపై యువరాజు ఆ బిరుదు ధరించాలని కోరాడట. యువరాజులు మారుతున్నారు గాని బిరుదు మాత్రం బతికే ఉందని దొర చెప్పేసరికి సూరాలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడే వల తెచ్చి ఊరికి ఇచ్చేసింది. ఒక్కటే షరతు పెట్టింది. ఏటా మొదటి వేట నాటికి ఊళ్లో అందరికన్నా చిన్న బిడ్డే ఆ ఏడాదికి పోలన్న. ఆ పేరు పిలిచి, బదులు వినబడ్డాకే వల నీళ్లలో పడాలి. దొర సంతోషించి ఈ కొయ్య డాల్ఫిన్‌ను చెక్కించి ఇచ్చాడు.

తీరా మొదటి ఏడు వచ్చింది ఆడపిల్ల. పెద్దలు నసిగారు. దొరగారి దేశంలోనూ ఆడపిల్లకు కిరీటం పెట్టరని ఒకాయన గుర్తుచేశాడు.

"నా కొడుకు పేరు మొయ్యడానికి మీసాలెందుకయ్యా? ఊపిరుంటే చాలు" అంది సూరాలమ్మ.

వల పక్కన నిలబడి పోలన్నను పేరు పెట్టి పిలిచింది. పసిదాని తల్లి బిడ్డను పైకెత్తి, "ఉన్నానమ్మా" అని బదులిచ్చింది.

ఇప్పటికీ వేట నిషేధం ముగిసిన మర్నాడు ఈ పిలుపు జరుగుతుంది. బిడ్డలను పోగొట్టుకున్నవారు ఎక్కడెక్కడినుంచో వచ్చి తమ బిడ్డల పేర్లు కూడా పిలిపించుకుంటారు. రేవంతా ఒక్క గొంతుతో బదులు పలుకుతుంది. ఆ మాట విన్న తల్లులకు ఆ రోజు కాస్త అన్నం సహిస్తుందని మా అనుభవం. ఫ్రాన్సులో ఇప్పుడు రాజూ లేడు, దోఫానూ లేడు. మా పోలన్న ఉన్నాడు. ఈ ఏడాది ఆయన వయసు ఇరవై రెండు రోజులు, ఇంట్లో పిలిచే పేరు దుర్గాభవాని.