కట్టు విప్పిన కొండముచ్చు

అనగనగా, జంతువులు కూడా కాలేజీకి వెళ్లే రోజుల్లో, ఒక అడవి ఉండేది. ఆ అడవి కాలేజీలో ఆడ లేళ్ల ఫుట్‌బాల్ జట్టు ఒకటి ఉండేది. జట్టుకు పెద్ద కోచ్ చిత్రపింఛుడనే నెమలి. అతని కింద సహాయ కోచ్ నిపుణ అనే ఆడ కొండముచ్చు.

పొద్దున్నే మైదానంలో సున్నపు గీతలు గీసేది నిపుణ. లేళ్లను పరుగెత్తించేది నిపుణ. వాటి కాళ్లకు పసరు రాసి, నార కట్లు కట్టేదీ నిపుణే. చిత్రపింఛుడు పోటీ రోజున వచ్చి పురి విప్పేవాడు, దండ వేయించుకునేవాడు. చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతోంది పిల్లలూ!

ఆ ఏడు పెద్ద పోటీలు వచ్చాయి. మొదటి ఆటకు ముందు తరళ అనే లేడికి ఎడమ వెనక కాలు వాచింది. జట్టులో గోల్స్ కొట్టేది ఆ పిల్లే.

"అయ్యా, ఈ పూటకు దీన్ని కూర్చోబెడదాం," అంది నిపుణ.

"కట్టు కట్టడం నీ పని. ఎవరు ఆడాలో చెప్పడం నా పని," అన్నాడు నెమలి.

నిపుణ నోరు మూసుకుని కట్టింది. ఎంత గట్టిగా కట్టిందంటే, తరళ కుంటుతున్నట్టు ఎవరికీ తెలియలేదు. జట్టు గెలిచింది.

రెండో ఆటకు వాపు మోకాలి దాకా ఎక్కింది.

"అయ్యా, తోడేళ్లు తిరిగే అడవి ఇది. కాలు విరిగితే ఈ పిల్ల ఎన్నాళ్లు బతుకుతుంది?" అని నిపుణ బతిమాలింది.

"నీ ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో అది చూసుకో," అన్నాడు నెమలి.

నిపుణ మళ్లీ కట్టింది. అవును, కట్టింది! అందుకు ఆమె మీద కూడా నాకు కోపమే. జట్టు మళ్లీ గెలిచింది.

మూడోది చివరి ఆట. ఏనుగు రాజుతో సహా అడవంతా మైదానం చుట్టూ చేరింది. నిపుణ పాత కట్టు విప్పి కొత్త నార తీయగానే తరళ నొప్పికి వణుకుతూ, "ఇంకా గట్టిగా కట్టు అక్కా, కుంటితే అందరికీ తెలిసిపోతుంది," అంది.

నిపుణ చేతులు ఆగిపోయాయి. నొప్పి దాచుకోవడం ఈ పిల్లకు నేర్పింది తన చేతులే కదా! ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. నార విసిరి పారేసి, తరళను మెల్లగా రాజు ముందుకు నడిపించుకెళ్లింది.

"మహారాజా, ఈ కాలు చూడండి! రెండు ఆటలుగా దీన్ని కట్టు కింద దాచాను. ఇక దాచను!" అని అరిచింది.

"ఈ కొండముచ్చుకు నా మీద ఏడుపు, మహారాజా! నా పిల్లల సంగతి నాకు తెలియదా? కట్టు నేనే కడతాను," అంటూ చిత్రపింఛుడు పరుగున వచ్చాడు. రాజు వైపే చూసి నవ్వుతూ, తరళ కుడి కాలికి నార చుట్టడం మొదలుపెట్టాడు.

"అది మంచి కాలయ్యా!" అని లేళ్లన్నీ ఒక్కసారిగా అరిచాయి.

ఏనుగు రాజు లేచి నిలబడ్డాడు. ఇక ఆ కాలేజీ గడప తొక్కవద్దని నెమలిని వెళ్లగొట్టి, జట్టును నిపుణకు అప్పగించాడు. తరళ లేకుండా ఆడిన లేళ్లు ఆ రోజు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాయి. తరళ మాత్రం తన కాళ్ల మీద తాను ఇంటికి వెళ్లింది.

పిల్లల నొప్పి మీద గెలిచేవాడు గురువు కాడు. ఆ నొప్పి తెలిసీ నోరు మూసుకున్నవారికి ఆ పాపంలో సగం వాటా ఉంటుంది.