మేడ మీద ఎముకల డాక్టరు

చింతలపేట బజారులో సోమలింగం అనే ఎముకల డాక్టరు ఉండేవాడు, హస్తవాసి మంచిదే గానీ ఆయనకి రోగి కంటే తాను పెట్టిన రూలంటేనే ఎక్కువ ముద్దు.

ఆయన ఆసుపత్రి మేడ మీద ఉండేది. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. విరిగిన కాళ్లకి కట్లు కట్టే ఆసుపత్రి మేడ మీద! డాక్టరు కూర్చునే చోటు ఎత్తులో ఉండాలని వాస్తు సిద్ధాంతి ఎవరో చెప్పాడట. అందుకని కింది వాటా మిఠాయి కొట్టుకి అద్దెకిచ్చేసి తాను పైకెక్కి కూర్చున్నాడు.

మొదట్లో జనం పొద్దున్నే వచ్చి, వరసలో తమ చెప్పులు వదిలేసి టీ తాగడానికి పోయేవారు. డాక్టరు తలుపు తీసేసరికి మనుషులు ఉండేవారు కాదు, చెప్పులే బారులు తీరి ఉండేవి. నా చెప్పుని వెనక్కి నెట్టావంటే నా చెప్పుని నెట్టావని తగువులు. ఆయనకి చిర్రెత్తుకొచ్చి ఒక రూలు పెట్టాడు. మనిషే పైకి రావాలి, తన చేత్తోనే టోకెను తీసుకోవాలి, ఒకరి బదులు ఇంకొకరు రాకూడదు. ఊరి ప్రెసిడెంటుకైనా అంతే, కూలివాడికైనా అంతే. "నాకు అందరూ ఒకటే" అని రోజుకోసారైనా అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం చూడాలి, వెలిగిపోయేది.

ఒకరోజు పొద్దున అసిరమ్మ ఆటోలో వచ్చింది. ఆవిడ జాకెట్లు కుట్టి బతికేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. కర్ర సాయంతో నడిచినా, మిషను తొక్కినా అంతా కుడికాలి మీదే. ఆ కుడికాలే నూతి గట్టు దగ్గర జారి, మోకాలి కింద ఇంత లావున వాచింది. అది సరిగ్గా అతకకపోతే నడకా పోతుంది, మిషనూ మూలపడుతుంది. పాపం, ఆవిడకి నొప్పి కంటే ఆ భయమే ఎక్కువగా ఉంది.

ఆవిడ మొగుడు బంగారయ్య పైకి వెళ్లి టోకెను అడిగాడు. కాంపౌండరు సింహాద్రి ఇవ్వనన్నాడు, పేషెంటే రావాలన్నాడు. సరే, ఎత్తుకొస్తానని బంగారయ్య కిందికి దిగాడు. ఈయనేమో అర్భకుడు, ఆవిడేమో నిండైన మనిషి. ఎత్తబోయేసరికి నడుం కలుక్కుమంది. దాంతో ఆటోలో రోగులు ఇద్దరయ్యారు.

సంగతి తెలిసి పైన వరండాలో వాదన మొదలైంది. డాక్టరు ఒక్కసారి కిందికి దిగితే ఆయన సొమ్మేం పోయిందని చెయ్యి విరిగిన ఒకావిడ అడిగింది. రిటైరైన తాసిల్దారు నరసింగరావు గారు ఒప్పుకోలేదు. ఇవాళ ఈవిడ కోసం దిగితే రేపు ప్రతివాడూ ఆటోలోనే కూర్చుంటాడని, రూలు అన్నాక రూలేనని అన్నాడు. ఆయనకి మోకాళ్ల నొప్పులు. తాను అంత అవస్థపడి ఎక్కితే ఇంకొకరు ఎక్కకుండా చూపించుకోవడమేమిటని ఆయన బాధ.

గోల విని డాక్టరు పిట్టగోడ దగ్గరికొచ్చి తొంగి చూశాడు. అసిరమ్మ కింది నుంచి దణ్ణం పెట్టి, కాస్త దిగి చూడమని బతిమాలింది.

"చూడమ్మా, నాకు అందరూ ఒకటే" అన్నాడు డాక్టరు.

"మీకు ఒకటే బాబూ, మీ మెట్లకి కాదు" అంది అసిరమ్మ.

మిఠాయి కొట్టు ముందున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. డాక్టరుకి రోషం పొడుచుకొచ్చింది. పట్టుదల ఉండాలే గానీ ఈ మెట్లు ఒంటికాలితోనైనా ఎక్కొచ్చు అన్నాడు. అయితే ఎక్కి చూపించమంది ఆవిడ. అంతే, చరచరా దిగి వచ్చేశాడు. రోగిని చూడ్డానికి దిగని పెద్దమనిషి పంతం కోసం దిగాడు, చూశారా!

ఎడమ కాలు మడిచి, కుడికాలి మీద గెంతుతూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. సగం దాకా బాగానే వెళ్లాడు. అక్కడ ఆయాసం వచ్చి ఆగాడు, ఆగిన చోట కాలు మడతబడింది, ఎక్కిన మెట్లన్నీ కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారుకుంటూ కిందికి వచ్చేశాడు.

చీలమండ అప్పుడే పొంగుతోంది. కట్టు సామాను పట్రమ్మని సింహాద్రిని కేకేశాడు. సింహాద్రి కదల్లేదు. టోకెను లేకుండా సామాను ముట్టుకోవద్దని మీరే చెప్పారు కదండీ అని నీళ్లు నమిలాడు. తాసిల్దారు గారు పిట్టగోడ మీంచి వంగి, ఎగతాళికి కాదు, నిజంగా మంచి కోరే చెప్పాడు.

"డాక్టరు గారూ, మీరే పైకి రండి. మీకోసం రూలు మారిస్తే రేపు అందరూ అడుగుతారు."

"మీకు బుద్ధుందా? కాలు దెబ్బతిన్నవాణ్ణి మెట్లెక్కి రమ్మంటారా?" అని డాక్టరు అరిచాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు, అసిరమ్మ కూడా నవ్వలేదు. డాక్టరు తన మాట తానే విన్నాడు. సిగ్గుతో తల వంగిపోయింది. కాసేపటికి లేచి, కుంటుకుంటూ ఆటో దగ్గరికి వెళ్లి, అసిరమ్మ కాలు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని, ఎప్పుడు పడ్డావమ్మా అని అడిగాడు.

అదే ఆటోలో పక్క వీధికి పంపి ఎక్స్‌రే తీయించాడు. టోకెను ఊసెత్తకుండా సింహాద్రి చేత సామాను కిందికి తెప్పించి, ఆవిణ్ణి మిఠాయి కొట్టు బల్ల మీద పడుకోబెట్టి, తన కాలి సంగతి పక్కన పెట్టి, ముందు ఆవిడకి కట్టు కట్టాడు. తప్పు నాదేనమ్మా అన్నాడు. ఎముక అతుకుతుందని, మళ్లీ మిషను తొక్కుతావని చెప్పాడు. అందాకా ధైర్యంగా మాటకి మాట చెప్పిన అసిరమ్మ ఆ ఒక్క మాటకి భోరుమంది. బంగారయ్య నడుముకి పట్టీ వేశారు. ఆ రోజు రోగులందరినీ కిందే చూశాడు. ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ నొప్పిగా ఉందని తాసిల్దారు గారు మాత్రం సణుగుతూనే దిగాడు.

కాలు నయమయ్యాక మళ్లీ మేడ ఎక్కినా, మెట్లెక్కలేనివాళ్ల దగ్గరికి డాక్టరే దిగి వచ్చేవాడు. అందరికీ ఒకే రూలు పెట్టినంత మాత్రాన న్యాయం చేసినట్టు కాదు, వైద్యం అందరికీ అందినప్పుడే అది న్యాయం.