గుడ్డ కప్పిన బుట్ట

ఆ రాజ్యంలో కొత్త వస్తువు కనిపెట్టినవాడికి మాన్యం ఇచ్చేవారు. అది ఎవడికైనా తట్టేదేనని తేలితే మాత్రం బొటనవేలు తీసేసేవారు.

యుద్ధంలో దొరికిన శత్రువుల చక్రాలకి కంత పెద్దది, మన బండ్ల ఇరుసు సన్నది. మధ్యలో ఇనుప గొట్టం దూర్చి రెండింటినీ కలిపాడు కమ్మరి ఓబయ్య. దాన్ని బుట్టలో పెట్టి, గుడ్డ కప్పి సభకి తెచ్చాడు.

పరీక్షాధికారి విరూపాక్షశాస్త్రి, ఓబయ్య తీసి ఇచ్చిన గొట్టాన్ని చూసి పెదవి విరిచాడు. "వదులైతే మధ్యలో ఏదో ఒకటి దూర్చాలని పసిపిల్లాడికీ తెలుసు! తియ్యండి వేలు."

తలారి కత్తి దూశాడు.  ఓబయ్య బుట్ట మీద మళ్లీ గుడ్డ కప్పి ముందుకు జరిపాడు.

"ప్రభూ, శత్రువుల ఇరుసు లావు, మన చక్రం కంత సన్నం. ఇరుసు చెక్కకుండా, కంత పెద్దది చెయ్యకుండా ఆ రెండూ కలవాలంటే ఏం చెయ్యాలో శాస్త్రిగారు చెప్పాక ఈ గుడ్డ తీస్తాను. ఆయన చెప్పేస్తే నా రెండు బొటనవేళ్లూ తీసుకోండి."

శాస్త్రి బుట్ట వంక చూశాడు, గడ్డం నిమురుకున్నాడు. చేతిలోని గొట్టాన్ని ఇటూ అటూ తిప్పాడు, మళ్లీ బుట్ట వంకే చూశాడు. రాజు విసిగిపోయి తనే గుడ్డ లాగేశాడు.

బుట్ట ఖాళీ!

"నాకూ ఇంకా తట్టలేదు ప్రభూ," అన్నాడు ఓబయ్య. "నేను చేసి చూపించిన మరుక్షణం పసిపిల్లాడికీ తెలిసిపోతుంది."

రాజు నవ్వి మాన్యం రాయించాడు. తలారి గుమ్మం దాటేదాకా ఓబయ్య మాత్రం పిడికిలి విప్పలేదు.