పటమంతా ఒకే రంగు

రూబేనుకి ఒళ్ళు మండిపోతోంది. సుబ్బరత్నం రక్తం మూడోసారి పరీక్ష చేశాడు. మూడుసార్లూ మూడో రకమే వచ్చింది. అయినా ల్యాబు పెద్ద మాణిక్యమ్మ గారు రిపోర్టు కాగితం మీద సంతకం పెట్టడం లేదు.

కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ సి వైరసులో చాలా రకాలున్నాయి. ఏ రకమో తేలితేగానీ డాక్టరు గారు మందు రాయరు. సుబ్బరత్నం డయాలసిస్ మీద ఉన్న మనిషి. ఒకసారి మందు వాడి, నయం కాక మళ్ళీ వచ్చింది. ఈసారి తప్పు మందు పడితే తట్టుకోలేదని డాక్టరు గారే అన్నారు. సుబ్బరత్నం భర్త కోటిలింగం నాలుగు రోజులుగా ల్యాబు బయట బల్ల మీదే ఉన్నాడు. తలుపు తెరిస్తే చాలు, లేచి నిలబడి అదే మాట. నాలుగేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఒకటో రకమన్నారట. ఆ మాట వింటేనే రూబేనుకి చిరాకు.

రూబేనుకి పని నేర్పింది మాణిక్యమ్మ గారే. మొదటి గదిలో పరీక్షకి వాడే మందులు కలుపుతారు. రెండో గదిలో రక్తంలోంచి వైరసు తీస్తారు. మూడో గదిలో మిషను దాన్ని కోట్ల రెట్లు పెంచి రకం చెబుతుంది. మూడో గదిలో అడుగుపెట్టినవాళ్ళు ఆ రోజుకి మళ్ళీ మొదటి గది గడప తొక్కకూడదు. ప్రతి విడతలో ఒక ట్యూబులో రక్తానికి బదులు ఉత్త నీళ్ళు పెట్టాలి. ఇవి ఆవిడ పట్టింపులు. రూబేను లెక్కలో చాదస్తాలు. ఆవిడ మోకాలి నొప్పితో నెల్లాళ్ళు సెలవు పెట్టగానే రెంటినీ వదిలేశాడు, ఆవిడ తిరిగొచ్చాకా మొదలుపెట్టలేదు. నీళ్ళ బదులు ఇంకో రోగిది చెయ్యొచ్చు కదా అనుకున్నాడు.

ఇక లాభం లేదని తన పటం తెచ్చి ఆవిడ ముందు పరిచాడు. ఏ మండలంలో ఏ రకం ఉందో రంగులు వేసిన పటం. వచ్చే వారం పెద్ద డాక్టర్లకి చూపించాలని దాని మీద ఆశ పెట్టుకున్నాడు.

"ఇదివరకు అక్కడక్కడా ఒకటో రకం ఉండేది మేడం. ఈ నెల వచ్చినవన్నీ మూడే. ఆవిడకీ డయాలసిస్ దగ్గర కొత్తది అంటుకుని ఉంటుంది. నా మీద నమ్మకం లేకపోతే ఆ మాటే చెప్పండి."

ఆవిడ పటాన్ని చాలాసేపు చూసింది. లేచి ఒక ట్యూబులో నీళ్ళు పోసి, మూత బిగించి, అతని చేతికిచ్చింది.

"నీళ్ళకి జబ్బు చేసిందా మేడం?" అన్నాడు వెటకారంగా.

"చేసిందేమో చూడు."

గొణుక్కుంటూ పోయాడు. మధ్యాహ్నానికి మిషను తెర మీద గీతలు లేచాయి. నీళ్ళ గీత కూడా లేచింది. మూడో రకం.

ట్యూబు మీద రాసింది రెండుసార్లు చదివాడు. తర్వాత తన కోటు చేతుల వంక చూసుకున్నాడు. పొద్దున్నే మూడో గదిలో మిషను వేసి, అదే కోటుతో మొదటి గదికి వచ్చాడు. నెల రోజులుగా అంతే. మిషను పెంచిన మూడో రకం ఆ కోటు మీద వచ్చి అందరి ట్యూబుల్లోనూ పడింది.

కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"ఈ నీళ్ళకి ఎన్నాళ్ళు మందు రాయమందాం?" అంది ఆవిడ.

అతను పటం చుట్టి పక్కన పెట్టాడు.

"నేను లేనప్పుడు ఎన్ని రిపోర్టులు పంపావు?"

"ఇరవై ఆరు."

"మందు మొదలుపెట్టినవాళ్ళెందరు?"

"తెలీదు మేడం."

ఆవిడ ఫోను అతని వైపు జరిపింది. ఒక్కొక్క డాక్టరుకీ ఫోను చేసి, తప్పు ఒప్పుకుని, చీవాట్లు తిన్నాడు. అన్నీ అయ్యాక బయటికి వెళ్ళాడు. కోటిలింగం లేచి నిలబడ్డాడు.

సుబ్బరత్నం గారి రక్తం మళ్ళీ తియ్యాలని, తప్పు తనదేనని చెప్పాడు.

"ఎన్నిసార్లు తీస్తారు బాబూ," అన్నాడు కోటిలింగం విసిగిపోయి. "ఆ మనిషిలో ఇంకేం మిగిలిందని?"

రూబేను లోపలికొచ్చి తలొంచుకు నిలబడ్డాడు.

"ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు మేడం?"

"చేతులు కడుక్కుని రా," అంది మాణిక్యమ్మ గారు.