దోమతెర కట్టిన మడి

గౌరునాయుడికి ఏం చేయాలో పాలుపోలేదు. మడి నిండా పూలున్నాయి. కాయ మాత్రం ఒక్కటీ లేదు.

లంబసింగి అవతల కొండమీద పరదేశి స్వామి ఆశ్రమం. దీక్ష కావాలని వచ్చినవాడికి స్వామి ముందుగా మంత్రం చెప్పడు. పన్నెండు స్ట్రాబెర్రీ మొక్కలు చేతిలో పెట్టి, నాటుకోమంటాడు. తొలిపండు తెచ్చి ఇచ్చిన రోజే దీక్ష. కట్టుబాటు ఒక్కటే: ఆ పండు కోసం ఏ ప్రాణినీ కొట్టకూడదు, చంపకూడదు.

నాయుడికిది మూడో ఏడు. మొదటి ఏడు మొక్కల్ని చిగురు పుట్టే మొవ్వుదాకా మట్టిలో పూడ్చేశాడు. అన్నీ కుళ్లిపోయాయి. రెండో ఏడు మొవ్వు మట్టికి పైన ఉండేలా, వేళ్లు విప్పి పరిచి నాటాడు. బాగానే కాశాయి. పండీ పండకముందే పిగిలిపిట్టలు పొడిచాయి, ఉడతలు కొరికాయి, మిగిలినవాటిని నత్తలు తినేశాయి.

ఈసారి నాయుడు పంతం పట్టాడు. నత్తల్ని ఆకుదొన్నెలోకి ఏరి వాగు అవతల వదిలొచ్చేవాడు. తన మంచానికున్న దోమతెర విప్పి తెచ్చి, నాలుగు కర్రలు పాతి మడికి కట్టాడు. అంచుల మీద చుట్టూ రాళ్లు పేర్చాడు.

ఆశ్రమంలో వంట చేసే చిలకమ్మ అది చూసి నవ్వాపుకోలేకపోయింది. "ఏటి నాయుడూ, మొక్కలకి పెళ్లేటి? అడ్డుతెర పట్టినావు!"

"నవ్వు పిన్నీ, నవ్వు. చీమైనా దూరదు, చూస్తూండు."

నిజంగానే ఏదీ దూరలేదు. పూలు పూసినవి పూసినట్టే వాడి రాలాయి. ఒకటీ అరా నిలిచినా వంకరపోయి, గట్టిపడి, శనగగింజంత ఉండగానే ఎండిపోయాయి.

నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాడు. తక్కువయ్యాయేమోనని పెంచాడు. పేడనీళ్లు పోశాడు, మానేశాడు. తెలియక చేసిన పాపమేదైనా తగిలిందేమోనని ఒకరోజు పస్తు కూడా ఉన్నాడు. శివరాత్రి ఇక నెల్లాళ్లే. చలి పోతే మొక్క కాయదు. దీక్ష మళ్లీ ఏడాది మాటే.

చివరికి వెళ్లి స్వామి ముందు కూలబడ్డాడు.

"స్వామీ, పిట్టని రానివ్వలేదు. ఉడతని రానివ్వలేదు. నత్తని రానివ్వలేదు. దేన్నీ కొట్టలేదు. అయినా కాయ లేదు. లోపం మొక్కలో ఉందా, నాలో ఉందా?"

స్వామి లేచి మడి దగ్గరికి నడిచాడు. రెండు రాళ్లు పక్కకి జరిపి, తెర ఎత్తి, లోపలికి దూరి మొక్కల మధ్య గొంతుక్కూర్చున్నాడు.

"రాళ్లు పెట్టెయ్."

"స్వామీ?"

"పెట్టరా. పిట్ట దూరుతుంది."

నాయుడు పెట్టాడు. పొద్దు నడినెత్తికొచ్చింది. స్వామి ఉలకడు, పలకడు. ఇది జపమో, శిక్షో, ముసలితనపు చాదస్తమో నాయుడికి అంతుపట్టలేదు.

చిలకమ్మ చోడి అంబలి గిన్నె తెచ్చి అతని చేతిలో పెట్టింది. "పొద్దుటేల నుంచీ ఏటీ తినలేదు ముసలాయన. ఇచ్చీ."

నాయుడు వంగి రాయి మీద చెయ్యి వేశాడు.

"తియ్యకు," అన్నాడు స్వామి.

"అంబలి తెచ్చాను స్వామీ."

"ఆకలి దంచేస్తోంది. ఇటివ్వు."

"తెర ఎత్తాలి కదా?"

"ఎత్తకు."

"ఎత్తకుండా ఎలా ఇచ్చేది?"

 స్వామి తెరలోంచి గిన్నెకేసి చూస్తూ కూర్చున్నాడు.

నాయుడు గిన్నె పట్టుకుని మడి అటువైపు వెళ్లాడు. అక్కడా రాళ్లే. ఇంతలో చెవి పక్కన జుమ్మంది. తేనెటీగ. తెర మీద వాలి కాస్త దూరం పాకింది. లేచి, మరోచోట వాలింది. లోపల బెత్తెడు దూరంలో తెల్లటి పువ్వు. దారి లేదు.

అతనూ ఈగా కలిసి మడి చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగారు.

నాయుడు ఆగిపోయాడు. గిన్నె కింద పెట్టి, ఒక్కో రాయీ తీశాడు. తెర మొత్తం పైకెత్తి కర్రల మీదికి విసిరాడు.

స్వామి అంబలి గటగటా తాగి మీసాలు తుడుచుకున్నాడు. ఈగ పువ్వులోకి దిగింది. నాయుడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అంతలో దగ్గర్లోని కొమ్మ మీద పిగిలిపిట్ట కూసింది. అతను మళ్లీ తెరకేసి చూశాడు.

"మరి పిట్ట సంగతో, స్వామీ?"

"అది దొంగిలించడానికి ముందు ఒక్క కాయంటూ ఉండనీరా," అన్నాడు స్వామి.