మేక నమిలిన విస్తళ్ల లెక్క

అయ్యల్లారా, అమ్మల్లారా, ముందు వరసలో పిల్లల్ని కాస్త కూర్చోబెట్టండి. స్వామిని తలుచుకుని మొదలుపెడుతున్నాను.

కార్తీకమాసం. అడవిలో జంతువులన్నీ ఉసిరిచెట్టు కింద వనభోజనం పెట్టుకున్నాయి. వనంలో ఉండేవాళ్లకు వనభోజనమేమిటని అడక్కండి, భక్తి ఉన్నచోట అలాంటి ప్రశ్నలు రావు.

ఏనుగు నీళ్లు మోసింది. కోతులు కట్టెలు తెచ్చాయి. వంటా వడ్డనా జంబయ్య అనే నక్క చూసుకుంది. లెక్క మేక సింగారమ్మది. ముప్ఫై ఏళ్లు ఎలుగుబంటి తేనె కొట్లో గుమాస్తాగా చేసి మానేసింది. "ఎవరివో తేనె డబ్బాలు లెక్కపెడుతూ బతుకు గడిచింది, పుణ్యమేం మూటగట్టుకున్నాను" అని దాని దిగులు. అందుకే ఇక్కడ జీతం లేకుండా లెక్క రాస్తూ, తిన్న విస్తళ్లు కూడా ఎత్తుతోంది. ఎత్తడమంటే నమిలెయ్యడమే.

అరవైమందికి వండారు. నలభైమంది తిని లేచాక వచ్చాయి తాబేళ్లు, ఇరవై. మొన్ననగా బయల్దేరాయి పాపం.

"అరవైమందీ తినేశారు తాతా. అంతా ఖాళీ," అంది నక్క, ముసలి తాబేలుతో.

"మూడు రోజుల నడక నాయనా. పోనీ గంజైనా లేదా?"

సింగారమ్మ నమలడం ఆపింది. "నేను తిన్న విస్తళ్లు నలభై. తక్కిన ఇరవై ఏవి జంబయ్యా?"

"కడుపులో లెక్కపెట్టావా లెక్కలమ్మా?"

"ముప్ఫై ఏళ్ల అలవాటు. లెక్కపెట్టందే ముద్ద దిగదు. ఆ ఇరవై చూపించు, పుస్తకం మూసేస్తాను. లేదంటే ఏనుగు పెద్దయ్యతో చెప్పాలి."

నక్క "పుట్ట వెనక పడేశాను, తెస్తానుండు" అని పరిగెత్తింది. అది దాచుకున్న గుండిగలు అక్కడే ఉన్నాయి. ఇరవై కొత్త విస్తళ్లకు పరమాన్నం పూసి తెచ్చింది.

మేక కళ్లజోడు సవరించుకుంది. "కూర మరక ఏది? ఇవి లెక్కకు ఒప్పవు."

నక్క వెళ్లి కూర వేసుకొచ్చింది.

"అన్నం మెతుకులు?"

మళ్లీ వెళ్లింది.

"ఆకుకు నాలుగు మెతుకులా? కోతులు తినడం నువ్వూ చూశావుగా. సగం ఆకులోనే వదిలేస్తాయి."

నక్కకు నాలుక వేలాడిపోయింది. ఇక తిరగలేక గుండిగలే ఈడ్చుకొచ్చి, అడుగంటా గీకి ఇరవై ఆకుల్లోనూ కుమ్మరించింది.

"ఇప్పుడు సరిపోయింది. తాతా, మీవాళ్లను కూర్చోబెట్టండి," అంది మేక.

"ఎవరో తిని లేచిన ఆకుల్లోంచి ఆవిర్లొస్తున్నాయేంటి తల్లీ?"

"స్వామి మహిమ."

"అవి ఎంగిలి విస్తళ్లు తాతా, ముట్టుకోకండి," అని నక్క అడ్డం పడింది.

సింగారమ్మ కలం తీసింది. "ఎవరి ఎంగిలో పేర్లు చెప్పు, రాసుకుంటాను."

నక్క పక్కకు తప్పుకుంది.

తాబేళ్లు తిన్నంతసేపూ, అంటే మర్నాటి దాకా, జంబయ్య ఖాళీ గుండిగలు తోముతూ కూర్చుంది. అరవయ్యో ఆకు నములుతుంటే సింగారమ్మకు ఆ ముప్ఫై ఏళ్ల తేనె లెక్కలూ మొదటిసారి తియ్యగా అనిపించాయి.

లెక్క రాసేది పుస్తకం మూయడానికి కాదు నాయనా, ఆఖరి పంక్తిలో వాడికి అన్నం అందడానికి.